ఏది లెక్కపెడతామో అదే చేస్తాం

(చెన్నైలో జరిగిన ఒక తెలుగు సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం ధ్వనిముద్రణ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం చాలా పెద్దది. ప్రపంచాభివృద్ధిలో ప్రాధాన్యాలను ఎలా నిర్ణయించుకోవాలి, సాధించినదాన్ని ఎలా కొలుచుకోవాలి అన్నది. మామూలుగా మనం ఈ రెండింటినీ వేర్వేరు పనులుగా చూస్తాం. ముందు పెద్దలు కూర్చుని ఏది ముఖ్యమో తేలుస్తారు, తర్వాత ఉద్యోగులు అమలు చేస్తారు, ఆ తర్వాత ఎప్పుడో ఎవరో వచ్చి లెక్క చూస్తారు. కాగితం మీద వరుస అదే. ఆచరణలో మాత్రం ఈ వరుస తలకిందులుగా నడుస్తుందని నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నాను. ఏ అంకెను నెలనెలా పైకి పంపాలో ఆ అంకె కోసమే కింద పని జరుగుతుంది. అంటే, ఏది కొలవాలో తేల్చిన రోజునే ప్రాధాన్యం కూడా తేలిపోయిందన్నమాట, ప్రణాళికా పత్రంలో ఇంకేమి రాసుకున్నా సరే.

ఈ మాటకు సాక్ష్యం వెతకడానికి జెనీవాకో న్యూయార్క్‌కో వెళ్లనక్కర్లేదు. చెట్‌పట్ ఇక్కడికి ఎంత దూరం? 1956లో అక్కడ క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒకటి వెలిసింది. భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి, ఈ నాలుగూ కలిసి దాన్ని పెట్టాయి. అప్పట్లో క్షయకు వైద్యమంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం పేరు ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పనక్కర్లేదు. మంచి గాలి, పడక, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి. అయితే దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లో ఉన్నాయి. ఆ రోజుల్లో ఎవరిని కదిలించినా, మనకు కావలసింది మరిన్ని పడకలు అనే చెప్పి ఉండేవారు. అప్పటి లెక్క ప్రకారం అది సబబైన ప్రాధాన్యమే.

చెట్‌పట్ వైద్యులు అడిగిన ప్రశ్న వేరు. ఐసోనయాజిడ్, పాస్ అనే మందులు వచ్చాయి కదా, వాటిని రోగి ఇంటి దగ్గరే ఉండి ఏడాది పాటు మింగితే సరిపోదా? నగరంలోని పేద రోగులను చీటీ వేసిన పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును శానిటోరియానికి పంపారు. రెండో జట్టు ఇరుకు ఇళ్లలోనే, అరకొర తిండితోనే మందులు వాడింది. ఏడాది తర్వాత చూస్తే శానిటోరియంలో ఉన్నవారు ఎక్కువ బరువు పెరిగారు. ఇది గుర్తు పెట్టుకోండి, ఎక్కువ బరువు పెరిగారు. ఒళ్లు చేసి, నిగనిగలాడుతూ ఇంటికి వచ్చారు. అయితే పరిశోధకులు ప్రధానంగా చూసింది బరువును కాదు, కళ్లెను. కళ్లెలో క్షయ క్రిములు ఇంకా ఉన్నాయా, పోయాయా? ఆ లెక్కలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందన్న భయం ఉంటుంది కదా, దాన్నీ వదిలిపెట్టలేదు. కుటుంబ సభ్యులను ఐదేళ్ల పాటు గమనించారు. రోగిని ఇంట్లో ఉంచి వైద్యం చేసినందువల్ల వాళ్లకు అదనంగా వచ్చిన ముప్పు కనబడలేదు.

ఇప్పుడు ఒక్కసారి ఊహించండి. రోగి ఎంత కోలుకున్నాడన్నది బరువును బట్టే నిర్ణయిస్తాం అని ముందే రాసుకుని ఉంటే ఏమయ్యేది? శానిటోరియమే గెలిచేది, ఉన్న కాస్త డబ్బూ పడకలకే పోయేది, పడక దొరకని లక్షలమంది అలాగే ఉండిపోయేవారు. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ, 1962లో ఇంటి దగ్గరి చికిత్స ఆధారంగా జాతీయ క్షయ కార్యక్రమం వచ్చాయంటే, ఇతర దేశాలు కూడా ఆ దారి పట్టాయంటే, వాటి వెనక ఉన్నది ఆ కళ్లె పరీక్ష. అలాగని బరువు తప్పుడు కొలత కాదు. అది నిజమే, చూడడానికి తేలిక కూడా. కాకపోతే మనం అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

మశూచి సంగతి చూద్దాం. మన ఇళ్లలో అమ్మవారు పోసిందనేవారు. భారత్‌లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. దాని లెక్క ఎన్ని టీకాలు వేశారు అన్నది. కోట్లలో వేశారు. వేసినా జబ్బు పోలేదు. ఎందుకు పోలేదు? టీకా వేసేవాడికి ఇన్ని వేయాలి అని లెక్క ఇస్తే అతడు ఎక్కడికి వెళతాడు? బడికి వెళతాడు. అక్కడ పిల్లలు వరసగా కూర్చుని దొరుకుతారు. నిరుడు వేయించుకున్న పిల్లవాడే ఈ ఏడు కూడా చెయ్యి చాపుతాడు. ఊరి బయట గుడిసెలో ఉన్న పసిబిడ్డ, పనికోసం ఊళ్లు తిరిగే కూలీ, వీళ్లు ఎవరి లెక్కలోకీ రారు. జబ్బు ఉన్నది అక్కడే. టీకా వేసేవాణ్ణి తప్పుపట్టడానికి లేదు, అతడు అడిగిన పనే చేశాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో ప్రయత్నాన్ని ముమ్మరం చేశాక క్రమంగా కొలత మారింది. ఎన్ని టీకాలు అన్నది వెనక్కి పోయి, ఎన్ని కేసులు ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి, కేసు దొరికిన చోట చుట్టుపక్కల అందరికీ టీకా పడిందా అన్నవి ముందుకు వచ్చాయి. మన దేశంలో 1973 నుంచి ఊరూరా, తర్వాత ఇంటింటా గాలించారు. మశూచి సోకిన బిడ్డ బొమ్మ ఉన్న అట్టముక్క ఒకటి చేత్తో పట్టుకుని, ఇలాంటి పొక్కులు ఎవరికైనా వచ్చాయా అని సంతల్లో, బళ్లలో అడిగారు. కేసు చూపించినవారికి బహుమానం ప్రకటించారు, అది చివరికి వెయ్యి రూపాయల దాకా పెరిగింది. అప్పుడేమైంది? లెక్కలు ఘోరంగా కనిపించాయి. 1974లో దేశంలో నమోదైనవి 1,88,000 కేసులు. బిహార్‌లో నిజంగానే మహమ్మారి చెలరేగింది, దానికి తోడు ఇంతకాలం దాగి ఉన్నవి కూడా బయటపడ్డాయి. ఆ ఏడాది పత్రికలు, చట్టసభలు ఎంత మండిపడి ఉంటాయో మీరే ఊహించుకోండి. 1975 మే తర్వాత దేశంలో పుట్టిన కేసు మరొకటి లేదు. మధ్యలో ఉన్నది ఏడాదిన్నర కూడా లేదు. ఆ 1974 అంకె చూసి బెదిరిపోయి గాలింపు తగ్గించి ఉంటే అంకె దానంతట అదే తగ్గేది, జబ్బు మాత్రం ఉండేది. ఈ సభలో దాతలు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, మీరు డబ్బిచ్చిన సంస్థ మొదటి ఏడాది తిరగకుండానే, పరిస్థితి మేం అనుకున్నదానికన్నా అధ్వానంగా ఉందండీ అని నివేదిక పంపితే మీరు రెండో ఏడాది డబ్బు ఇస్తారా? ఇవ్వరని వాళ్లకు తెలుసు. అందుకే అలాంటి నివేదికలు మీ దాకా రావు.

అంకె వెనక ఒత్తిడి పెరిగితే ఇంకెంత దూరం పోతుందో 1976లో దేశం చూసింది. ఒక్క 1976–77లో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఉపాధ్యాయుడికి ఇన్ని, రెవెన్యూ ఉద్యోగికి ఇన్ని అని వాటాలు వేశారు. 1996 ఏప్రిల్‌లో ఆ లక్ష్యాలను అధికారికంగా ఎత్తివేశారు. ఎత్తివేసిన 18 ఏళ్లకు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో ఒకే రోజు 83 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు, పదిమందికి పైగా చనిపోయారు. కాగితం మీద పోయిన లక్ష్యం మనుషుల అలవాటులో ఉండిపోతుంది. ఇంతకూ సంతాన రేటు ముందుగా తగ్గింది కేరళలోనూ తమిళనాడులోనూ. ఆడపిల్లల చదువు, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం, పెళ్లి వయసు పెరగడం, వీటిని ఏ శిబిరం రిజిస్టరులో రాస్తారు?

ఇక హైదరాబాద్ విషయానికి వస్తాను. ఇది మన తెలుగువాళ్ల ఇంటి విషయం, కాస్త నెమ్మదిగా చెబుతాను. 2000 తర్వాతి పదేళ్లలో సూక్ష్మరుణానికి, అంటే పేద ఆడవాళ్లకు గుంపులుగా ఇచ్చే చిన్న అప్పుకు, పేదరికానికి మందు అన్నంత పేరు వచ్చింది. ఆ పేరుకు ఆధారంగా చూపించిన అంకె ఏమిటి? వసూళ్ల శాతం. పేద ఆడవాళ్లు నూటికి 95కు పైగా అప్పు తీరుస్తున్నారు, పెద్ద పెద్ద కంపెనీల కన్నా నయం అని చెప్పుకున్నారు. అది అబద్ధం కాదు. అయితే వాయిదా కట్టడం అప్పిచ్చినవాడి విజయం. అప్పు తీసుకున్న ఆమె ఇంట్లో ఏమి మారింది అన్నది ఆ శాతంలో ఉండదు. వాయిదా రోజున తన దగ్గర లేకపోతే గుంపులోని మిగతావాళ్లు ఊరుకోరు కాబట్టి, చేబదులు తెచ్చో, చెవుల కమ్మలు తాకట్టు పెట్టో, మరో సంస్థ దగ్గర అప్పు చేసో కట్టి ఉండవచ్చు. సొంత సంపాదనతో కట్టిన ఆమెతో కలిపి ఈ నాలుగు రకాల ఆడవాళ్లూ వసూళ్ల పట్టికలో ఒకే రకంగా కనిపిస్తారు.

2005లో మొదలుపెట్టి ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం హైదరాబాద్ బస్తీల్లో ఒక పరిశీలన చేసింది. 104 బస్తీలను తీసుకుని, వాటిలో సగం చోట్ల ముందుగా రుణసంస్థ శాఖ తెరిచేలా, ఏ సగమన్నది చీటీ పద్ధతిలో తేలేలా ఏర్పాటు చేశారు. ఇంచుమించు ఏడాదిన్నర తర్వాత వేల ఇళ్లకు వెళ్లి అడిగారు. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు అందులో మరికొంత పెట్టుబడి పెట్టారు. కొందరు మన్నికగల వస్తువులు కొనుక్కున్నారు. టీ, పొగాకు, బయటి తిండి వంటి ఖర్చులు కొంత తగ్గించుకున్నారు. ఇంటి మొత్తం నెల ఖర్చులో మాత్రం పెరుగుదల లేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాటకున్న విలువలో తేడా కనబడలేదు. మరో రెండేళ్లు ఆగి చూసినా అంతే. అప్పు పనికిరానిదని దీని అర్థమా? నేను అలా అనను. అత్యవసరానికి చేతికి అందే డబ్బుకు విలువ ఉంది. అది పేదరికానికి మందు కాదు, అంతవరకే. 2010 అక్టోబరులో వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రుణసంస్థలను కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. అప్పటిదాకా ఎంతో ఆరోగ్యంగా కనిపించిన అంకె కొన్ని వారాల్లో పడిపోయింది.

అంతర్జాతీయ లక్ష్యాల గురించి అడుగుతారని తెలుసు, క్లుప్తంగా చెబుతాను. 2000 నాటి సహస్రాబ్ది లక్ష్యాలు ఎనిమిది, గడువు 2015. వాటిలో ఒకటి, ఐదేళ్లలోపు పిల్లల మరణాల రేటును 1990తో పోలిస్తే మూడింట రెండు వంతులు తగ్గించాలని. ప్రపంచం మొత్తం మీద అది వెయ్యికి 91 నుంచి 43కి తగ్గింది. అంటే 53 శాతం. లక్ష్యం తప్పింది కాబట్టి వైఫల్యం అని రాశారు. ఏటా కోటీ 27 లక్షల మంది పిల్లలు చనిపోయే చోట సుమారు 60 లక్షలకు తగ్గితే దాన్ని వైఫల్యం అనాలా? ఇంకో చిక్కు ఉంది. ఒక దేశంలో వెయ్యికి 180 ఉన్నది 80 అయిందనుకుందాం, ఇంకో దేశంలో 30 ఉన్నది 10 అయిందనుకుందాం. రెండో దేశం లక్ష్యాన్ని చేరింది, మొదటిది తప్పింది. కానీ మొదటి దేశంలో ప్రతి వెయ్యిమందిలో వందమంది పిల్లలు అదనంగా బతికారు, రెండో దేశంలో 20 మంది. అమెరికా ఆర్థికవేత్త విలియం ఈస్టర్లీ ఈ వాదాన్నే ఆఫ్రికా తరఫున గట్టిగా వినిపించారు. లక్ష్యాన్ని ఏ రూపంలో రాశామన్నదే ఎవరు తప్పారో ముందే నిర్ణయించేసింది.

2015లో సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వచ్చాయి. ఈసారి 17 లక్ష్యాలు, వాటి కింద 169 ఉపలక్ష్యాలు, 230కి పైగా సూచికలు. మొదటి పట్టికను కొద్దిమంది నిపుణులు రాసేశారన్న ఆక్షేపణ ఉండడం వల్ల రెండోసారి దేశాలన్నీ కూర్చుని బేరమాడాయి, ఎవరి అంశాన్నీ తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ పద్ధతిలో ప్రజాస్వామ్యం ఉంది, నేను కాదనను. కానీ పెళ్లి విందులో వడ్డించినట్టు 169 వడ్డిస్తే ఆకలితో ఉన్నవాడు దేనితో మొదలుపెట్టాలి? 2024 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారం వాటిలో సరైన దారిలో ఉన్నవి 17 శాతమే.

మరి ఎంచుకోవడం ఎలా? ఆరోగ్యరంగంలో ఒక గట్టి ప్రయత్నం జరిగింది. 1993లో ప్రపంచ బ్యాంకు తన వార్షిక అభివృద్ధి నివేదికలో, ఒక జబ్బు వల్ల అకాలమరణంతో పోయిన ఏళ్లనూ, అవిటితనంతో గడిపిన ఏళ్లనూ కలిపి ఒకే కొలతగా వాడింది. దాన్ని డాలీ అంటారు. ఒక్కో డాలీని తప్పించడానికి ఎంత ఖర్చవుతుందో చూస్తే టీకాలను, దోమతెరలను, ఆపరేషన్లను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చవచ్చు. దీన్ని విమర్శించేవాళ్లు చాలామంది ఉన్నారు. గుడ్డితనంతో గడిపిన ఏడాది విలువ ఎంత అని గదిలో కూర్చుని ఎవరు నిర్ణయించారు అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. అయినా ఈ కొలత చేసిన ఒక మేలు నేను మరచిపోలేను. అంతకుముందు మరణాల పట్టికలు మాత్రమే చూసేవారు, వాటిలో మనోవ్యాధులు దాదాపుగా కనబడవు. బాధతో గడిచిన ఏళ్లను కూడా కలిపేసరికి, 1990 నాటి లెక్కల్లో కుంగుబాటు ప్రపంచంలోని వ్యాధి భారాల్లో నాలుగో స్థానంలో తేలింది. మన చెన్నైలో డాక్టర్ శారదా మీనన్, డాక్టర్ తార వంటివారు 1984లోనే స్కార్ఫ్ సంస్థను పెట్టి స్కిజోఫ్రీనియా రోగుల కోసం పని మొదలుపెట్టారు. ప్రపంచ లెక్కల పుస్తకంలోకి ఆ బాధ రావడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది.

ఇంతసేపూ ఏది కొలవాలి అన్నాను. ఎలా కొలుస్తారన్నది చిన్న విషయం అనుకోకండి. రక్తహీనతనే తీసుకోండి. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 58.6 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో అది 41 శాతం. ఒకే దేశం, ఇంచుమించు ఒకే కాలం. వయసులో కొద్ది తేడా ఉంది, కానీ అసలు తేడా సూదిలో ఉంది. మొదటి సర్వేలో వేలి కొస పొడిచి చుక్క రక్తం తీస్తారు. మొదట వచ్చిన చుక్కను తుడిచేసి తర్వాతి చుక్కను తీసుకోవాలి, వేలిని గట్టిగా పిండకూడదు. పిండితే కణజాలంలోని నీరు కూడా రక్తంతో కలిసి వస్తుంది, హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. ఏడుస్తున్న రెండేళ్ల బిడ్డ చెయ్యి పట్టుకుని, చలికాలం పొద్దున ఆ చుక్క రాకపోతే ఎవరైనా ఏం చేస్తారు? పిండుతారు. రెండో సర్వేలో సిర నుంచి రక్తం తీసి ప్రయోగశాలకు పంపారు. దానికి ఖర్చు ఎక్కువ, తల్లులను ఒప్పించడం కష్టం.

2019–21 సర్వేలో పిల్లల్లో ఆ శాతం 67.1కి పెరిగింది. ఇది విని, ఐరన్ మాత్రలు పంచడం దండగ అన్నవారున్నారు. ఇంకా ఎక్కువ పంచాలి అన్నవారున్నారు. అసలు కొలతే తప్పు, సర్వే నుంచి తీసేయండి అన్నవారూ ఉన్నారు. నా ఉద్దేశంలో మూడూ తొందరపాటే. పద్ధతి మెరుగుపరచడం వేరు, ఇబ్బందిపెట్టే అంకెను కనబడకుండా చేయడం వేరు. పద్ధతి మార్చేటప్పుడు కనీసం ఒక్కసారైనా పాతదీ కొత్తదీ ఒకే పిల్లల మీద పక్కపక్కన చేసి చూడాలి. లేకపోతే పాత అంకెకూ కొత్త అంకెకూ మధ్య వంతెన ఉండదు, అంకె తగ్గితే అది మాత్రల వల్లనా సూది వల్లనా అన్నది ఎప్పటికీ తేలదు.

ఎవరు కొలుస్తారన్నది కూడా అంతే ముఖ్యం. బడిలో చేరినవారి శాతం మన గ్రామాల్లో ఏళ్లుగా 95 పైనే ఉంది. చదువు రంగంలో పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ అనే సర్వే చేస్తోంది. పిల్లలను పరీక్షించడానికి వాళ్లు బడికి వెళ్లరు, ఇంటికి వెళతారు. అరుగు మీద కూర్చుని ఒక కాగితం ఇస్తారు. అందులో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒకటి. 2024లో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవారు 48.8 శాతం. ఆ పరీక్ష పెట్టేది ఆ పిల్లవాడి టీచరు కాదు, దాని ఫలితంతో ఎవరి జీతమూ ముడిపడి లేదు. ఆ అంకెను నమ్మగలగడానికి కారణం అదే.

అలాంటి బయటి లెక్కలకే ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. చాలా పేద దేశాల్లో జనన మరణాల నమోదు పూర్తిగా జరగదు. అక్కడ ఎంతమంది పిల్లలు చనిపోతున్నారో తెలియాలంటే ఇంటికి వెళ్లి, అమ్మా, నీకు ఎంతమంది పుట్టారు, ఎప్పుడెప్పుడు పుట్టారు, వారిలో ఎవరెవరు ఉన్నారు అని ఒక్కొక్కరినీ అడగాలి. 1984 నుంచి 90కి పైగా దేశాల్లో 400కు పైగా జనాభా, ఆరోగ్య సర్వేలకు అండగా ఉన్న డీహెచ్‌ఎస్ కార్యక్రమానికి 2025 మొదట్లో అమెరికా నిధులు ఆగిపోయాయి. మందులు ఆగితే వార్త అవుతుంది, లెక్క ఆగితే కాదు. కానీ మందులు ఆగినందువల్ల ఎంతమంది పోయారో చెప్పవలసింది కూడా ఆ లెక్కే కదా.

చివరగా, ఈ సభలో కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత, కమిటీల్లో ఉన్నవారు కొందరు కనబడుతున్నారు. 2014 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన కింద మీ కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం ఖర్చు పెడుతున్నాయి. ఆ బాధ్యత పది కోట్లు దాటిన కంపెనీలు, కోటికి పైబడిన ప్రాజెక్టుల మీద స్వతంత్ర సంస్థతో ప్రభావ అంచనా చేయించాలని 2021లో నియమం వచ్చింది. అది ప్రాజెక్టు పూర్తయిన ఏడాదికి గాని జరగదు. అప్పటికి, మొదట్లో పరిస్థితి ఏమిటో ఎవరికీ గుర్తుండదు. అందుకని ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మూడు నాలుగు వాక్యాలు రాయించుకోండి. ఏ ఒక్క మార్పును చూస్తే ఇది పనిచేసిందని ఒప్పుకుంటాం, దాన్ని పని చేసే సంస్థ కాకుండా ఎవరు చూస్తారు, పని మొదలుకాకముందు అది ఎంత ఉంది, మన సాయం అందని పక్క ఊళ్లో ఎంత ఉంది. ఆ పక్క ఊరి లెక్కకు అయ్యే ఖర్చును బడ్జెట్‌లో ముందే పెట్టండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. కుట్టుమిషన్లు ఎన్ని పంచారు, శిక్షణకు ఎంతమంది వచ్చారు అన్న పట్టిక కూడా ఉండనివ్వండి, ఆడిటరుకు అది కావాలి. రెండేళ్ల తర్వాత ఆ మిషను ఇంట్లో ఉందా, అమ్మేశారా, దాని మీద నెలకు ఎంత వస్తోంది అన్నది మాత్రం మీ కమిటీ అడగాలి.

సమయం అయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. రక్తహీనత గురించి మాట్లాడుతున్నప్పుడు మూడో వరుసలో ఒకమ్మ చెయ్యెత్తారు, అంగన్‌వాడీలో పనిచేశానన్నారు. ముందు ఆమె ప్రశ్న విందాం. చెప్పండమ్మా.